జోషిత ఇంకా బడిలోనే ఉంది

కాకినాడలో విద్యుల్లత స్మార్ట్ ఎలిమెంటరీ స్కూల్ అని ఒక బడి ఉంది. అందులో పిల్లలకి పుస్తకాలుండవు. పుస్తకాలు మోస్తే వెన్ను వంగుతుందని, పలక పడితే చెయ్యి మురికవుతుందని, అదేపనిగా బోర్డు చూస్తే మెడ పట్టేస్తుందని ఆ బడివాళ్ళు పరిశోధన చేసి మరీ కనిపెట్టారు. అందుకని ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. పొద్దున్నే పిల్ల దాని ముందు మొహం పెడితే అది గుర్తుపట్టి, శుభోదయం చెప్పి, పాఠం మొదలెడుతుంది. ఒక పాఠం అవగానే ఇంకో పాఠం దానంతటదే వచ్చేస్తుంది. సాయంత్రం గేటు దగ్గరున్న యంత్రానికి మళ్ళీ మొహం చూపించి పిల్ల బయటికి వెళ్ళగానే, తరగతి గదిలో ఆ పిల్ల ట్యాబ్ కళ్ళు మూసుకుంటుంది. క్లాసులో టీచరు కూడా ఉంటుంది. ఛార్జింగ్ పెట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఫణీంద్రకి ఈ బడంటే ప్రాణం. అతను కరెంటాఫీసులో సీనియర్ అసిస్టెంటు. తన టేబుల్ మీద కంప్యూటర్ మొరాయిస్తే అటెండర్ని పిలిచి దాని నెత్తిన రెండు వేయించే మనిషే గానీ, రెండో తరగతి చదువుతున్న తన ఒక్కగానొక్క కూతురు జోషిత విషయంలో మాత్రం టెక్నాలజీ అంటే చెవి కోసుకుంటాడు. అపార్ట్‌మెంటు లిఫ్టులో ఏ పిల్లాడు పుస్తకాల సంచీతో కనిపించినా, వాళ్ళ నాన్న వైపు తిరిగి, "ఇంకా పుస్తకాలేనాండీ?" అని, వాళ్ళింట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని తెలిసినట్టు మొహం పెట్టేవాడు.

గేటు దగ్గర యంత్రం పెట్టమన్నది కూడా ఫణీంద్రే. అంతకు ముందు వాచ్‌మన్ అప్పలకొండ పిల్లల్ని చూసి, వచ్చినవాళ్ళని చూసి, పంపేవాడు. ఒక్క పిల్లా తప్పిపోలేదు. అయినా పేరెంట్స్ మీటింగులో ఫణీంద్ర లేచి నిలబడి, "రేపు ఎవడో వచ్చి ఈ పాప నా కూతురే అంటే, కాదనడానికి మీ దగ్గర డేటా ఏముందండీ?" అని అడిగాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ప్రిన్సిపాల్ ప్రసూన మేడమ్ మైకు తీసుకుని, "తల్లిదండ్రుల దార్శనికతని గౌరవిస్తూ ముఖాధారిత నిష్క్రమణ వ్యవస్థని తక్షణం ప్రవేశపెడుతున్నాం" అని ప్రకటించారు. పిల్లల మొహాలు నమోదు చేసే రోజున సెలవు పెట్టుకుని వెళ్ళి, కెమెరా వెనకాల నిలబడి, "పళ్ళన్నీ కనపడాలి బంగారం! ఇంకా! ఇంకా!" అని కూతుర్ని చెవుల దాకా నవ్వించింది కూడా అతనే.

ఆ తర్వాత పట్టుమని నెల తిరక్కుండానే జోషిత ముందు పన్ను ఊడింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర జంతిక కొరికితే చప్పుడైంది. జంతిక విరగలేదు. ఆయా చంద్రకళ పరుగెత్తుకొచ్చి, నోరు పుక్కిలింపించి, పన్ను కడిగి చేతిలో పెట్టి, "ఏడవకమ్మా, కప్పు మీదకి ఇసిరెయ్, అడ్డంగా కాదు, పైకి, గట్టిగా! కొత్తది ఒడ్లగింజలా వచ్చేత్తాది" అంది. జోషిత బడి వెనకాలకి వెళ్ళి, కళ్ళు మూసుకుని, మేడ మీదకి విసిరేసింది. తర్వాత లోపలికొచ్చి సూర్యకుటుంబం గురించి పాఠం చూసింది. బుధగ్రహం దగ్గర నిద్రపోయింది. ట్యాబ్ మాత్రం శని దాటి ముందుకెళ్ళింది.

సాయంత్రం ఫణీంద్ర స్కూటరేసుకుని వచ్చేసరికి గేటు దగ్గర పిల్లల వరస ఆగిపోయి ఉంది. యంత్రం ముందు జోషిత నిలబడి ఉంది. తండ్రిని చూసి, కొత్త సందు కనపడేలా నవ్వింది.

"క్షమించండి. మీరు ఈ పాఠశాల విద్యార్థి కాదు" అంది యంత్రం, చాలా మర్యాదగా.

"ఏంటిది అప్పలకొండా?" అన్నాడు ఫణీంద్ర.

"పన్నూడిందండి, ఆయ్. ఇందాకట్నించీ ఇదే వరస."

"నీకు తెలుసుగా మా పాప. పంపించెయ్."

"నాకు తెలీకేటండీ? రోజూ నేనే కదా బండెక్కించేది. కానీ నాకు తెలిత్తే సాలదంటండి. దానికి తెలవాలంట. తమరే కదండీ మీటింగులో సెప్పేరు?"

ఫణీంద్ర ఆ మాట విననట్టు, "నోరు మూసుకుని చూడు తల్లీ" అన్నాడు. జోషిత మూసుకుంది. యంత్రం ఒప్పుకోలేదు. దాని దగ్గరున్నది చెవుల దాకా నవ్విన మొహం. అదే మొహం కావాలి, అన్ని పళ్ళతో.

ఈలోగా మెళ్ళో రెండు ఐడీ కార్డులు వేసుకున్న కుర్రాడొకడు వచ్చాడు. పేరు అఖిలేష్. ఆ బడికి డిజిటల్ అభ్యసనాధికారి. వచ్చి ట్యాబ్‌లో ఏదో చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"కంగారేం లేదు సర్. జోషిత లోపలే ఉంది. క్షేమంగా ఉంది. పాఠం చూస్తోంది."

"లోపలేంటయ్యా? ఇదిగో, నా ఎదురుగా ఉంటే!"

"ఈ పాప ఎవరో సిస్టమ్‌కి తెలీదు సర్. పొద్దున్న లోపలికొచ్చినట్టు రికార్డు లేదు. లోపలికే రాని మనిషిని బయటికెలా పంపుతాం?"

"పోనీ ఫొటో మార్చు. కొత్త మొహం ఎక్కించు."

"రెండు నిమిషాల పని సర్. పాపని పాత మొహంతో లాగిన్ అవమనండి, వెంటనే కొత్త మొహం పెట్టేస్తా."

అఖిలేష్ మొహంలో ఎక్కడా ఎగతాళి లేదు. సాయం చేస్తున్న తృప్తే ఉంది.

ప్రసూన మేడమ్ వచ్చారు. ఆవిడ నడుస్తుంటేనే ఏదో ప్రారంభోత్సవం జరుగుతున్నట్టుంటుంది. సంగతంతా విని, ఫణీంద్రని యంత్రం ముందు నిలబడమన్నారు. "స్వాగతం, జోషిత తండ్రిగారూ" అంది యంత్రం.

"చూశారా? మిమ్మల్ని మేము ఏమాత్రం అనుమానించడం లేదు" అన్నారు మేడమ్. "మీరు తండ్రేనని వ్యవస్థ నిస్సందేహంగా ధ్రువీకరించింది. ఎవరికి తండ్రి అన్నదొక్కటే ప్రస్తుతం పరిశీలనలో ఉంది."

"మేడమ్, ఇది నా కూతురండీ!"

"ఆ మాట ఎవరైనా అనొచ్చని మీరే సెలవిచ్చారు కదా సర్. మా మీటింగు మినిట్స్‌లో ఉంది."

వెనకాల మిగతా తల్లిదండ్రులు హారన్లు కొట్టడం మొదలెట్టారు. జోషిత క్లాసులో చదివే రిత్విక్ వాళ్ళ నాన్న శేషగిరి కారు అద్దం దించి, "ఏవండీ ఫణీంద్ర గారూ, ఎవరిదో పిల్లని తీసుకెళ్ళిపోతున్నారంటగా?" అని నవ్వాడు. జేబులో ఫోను మోగింది. భార్య సునంద.

"ఏమండీ, ఇంకా రాలేదేం? అట్లపిండి పులిసిపోతోంది."

"యంత్రం పాపని గుర్తుపట్టట్లేదు."

"యంత్రం గుర్తుపట్టడమేంటి? మీరు గుర్తుపట్టారా?"

"నేను పట్టాను."

"అయితే గోడ మీంచి అందుకోండి."

"సీసీ కెమెరాలున్నాయి సునందా."

"అవి కూడా మీరు పెట్టమన్నవేనా?"

"కాదు, అవి శేషగిరి గారు" అన్నాడు ఫణీంద్ర, కాస్త ధైర్యం తెచ్చుకుని.

సమస్యకి మూలం పన్ను కాబట్టి మూలాన్నే పునఃస్థాపిస్తే వ్యవస్థకి అభ్యంతరం ఉండకపోవచ్చని ప్రసూన మేడమ్ ఆలోచించారు. ఆ పన్ను ఎక్కడుందని అడిగారు. జోషిత చెయ్యెత్తి మేడ మీదకి చూపించింది. అప్పలకొండ నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చాలాసేపటికి దిగాడు. గుప్పిట నిండా పళ్ళున్నాయి.

"ఏది పాపదో తెలవట్లేదండి. బడి పెట్టిన కాణ్ణించీ పిల్లలందరివీ అక్కడే ఉన్నట్టున్నాయి."

అఖిలేష్ పళ్ళని ఒక తెల్లకాగితం మీద వరసగా పేర్చాడు. జోషిత వంగి ఒక్కొక్కటే చూసింది. "ఇది కాదు. ఇదీ కాదు. ఛీ, దీనికి పుప్పుంది, ఇది రిత్విక్‌ది. వాడు చాక్లెట్లు తినేసి కాయితాలు నా బ్యాగులో వేస్తాడు." చివరికి ఒకటి ఫరవాలేదంది. చంద్రకళ దాన్ని మూడుసార్లు కడిగి, చపాతీపిండి ముద్దతో సందులో అతికించింది. జోషిత పెదాలు సాగదీసి యంత్రం ముందు నిలబడింది. యంత్రం ఈసారి చాలాసేపు ఆలోచించింది.

"స్వాగతం, కార్తికేయ" అంది. "ఈ రోజు మీరు జ్వరం వల్ల సెలవులో ఉన్నారు. ఆరోగ్యం ఎలా ఉంది?"

"గుర్తుపట్టింది!" అన్నాడు అఖిలేష్, గాల్లోకి ఎగిరి.

"పోన్లెండి, కార్తికేయ అనే పంపించెయ్యండి" అన్నాడు ఫణీంద్ర. అతనికప్పటికి పేర్ల మీద పట్టింపు తగ్గింది.

"తప్పకుండా పంపుతాం" అన్నారు మేడమ్. "కార్తికేయ వాళ్ళ నాన్నగారు రావాలి."

చీకటి పడుతోంది. మిగతా పిల్లలందరూ వెళ్ళిపోయారు. జోషిత చపాతీపిండి తినేసి, పన్ను ఉమ్మేసి, గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి తండ్రి చొక్కా పట్టుకుంది. "నాన్నా, ఆకలేస్తోంది." ఫణీంద్రకి అప్పటిదాకా వచ్చినది కోపం. ఇప్పుడు భయం వేసింది. ఇల్లు అక్కడికి ఒక సిగ్నల్ అవతల. పిల్ల చెయ్యి తన చొక్కా మీద ఉంది. ఆ రెంటి మధ్యా బడి ఉంది.

ఏంచేసైనా సరే పిల్లని పంపమని బతిమాలాడు. అప్పుడు ప్రసూన మేడమ్ కళ్ళద్దాలు తీసి, చివరి మార్గం చెప్పారు.

"ఈ పాపని మా పాఠశాలలో కొత్తగా చేర్చుకుంటాం. చేర్చుకున్నాక తను మా విద్యార్థి. మా విద్యార్థిని ఇంటికి పంపడానికి మాకు అభ్యంతరం ఏముంటుంది? పైగా మీ పెద్దమ్మాయి జోషిత ఇక్కడే చదువుతోంది కాబట్టి తోబుట్టువుల రాయితీ వర్తిస్తుంది."

ఫణీంద్ర నోరు తెరిచాడు. ఇదెక్కడి దారుణం అని అరుద్దామనే తెరిచాడు. నోట్లోంచి మాత్రం, "రాయితీ ట్యూషన్ ఫీజు మీదేనా, ట్యాబ్ మీద కూడానా?" అని వచ్చింది.

"అన్నిటి మీదా. పన్ను వచ్చి ముఖం మళ్ళీ మారితే మూడో సంతానం కింద ఇంకా ఎక్కువ ఉంటుంది."

యంత్రం కొత్త పాప మొహం తీసుకుంది. వయసు అంచనా వేస్తూ, ముందు పన్ను లేదు కనక, మొదట డెబ్భై రెండు అంది. అఖిలేష్ సర్దుబాటు చేసి ఒకటో తరగతికి తెచ్చాడు. పేరు మైకులో చెప్పమంది యంత్రం. జోషిత అన్న పేరు ఒకరికి ఇచ్చేశారు కాబట్టి మళ్ళీ ఇవ్వడానికి లేదు. ఫణీంద్ర మోడరన్ పేర్లేవో గుర్తుచేసుకుంటుంటే, పిల్ల ముందుకెళ్ళి మైకులో, "చంద్రకళ" అని చెప్పేసింది.

"ఆయా పేరేంటే!" అన్నాడు ఫణీంద్ర.

"ఆవిడ నా పన్ను కడిగింది" అంది పిల్ల.

"స్వాగతం, చంద్రకళ. శుభరాత్రి" అంది యంత్రం. గేటు తెరుచుకుంది.

మర్నాడు పొద్దున్నే ఫణీంద్ర ఫోనుకి మెసేజీ వచ్చింది. 'అభినందనలు. మీ చిరంజీవి జోషిత నిన్న పాఠశాలని విడిచిపెట్టకుండా నిరంతర అభ్యసనంలో కొనసాగుతున్నది.' కింద ఒక నక్షత్రం.

జరిగిందేమిటంటే, జోషిత బయటికి వెళ్ళలేదు కాబట్టి ఆమె ట్యాబ్ కళ్ళు మూసుకోలేదు. ఛార్జింగ్ బీరువాలో కూర్చుని, పాఠం తర్వాత పాఠం చూస్తూనే ఉంది. నెలాఖరుకి రెండో తరగతి అయిపోయింది. దానంతటదే మూడో తరగతి తెరుచుకుంది. ఆదివారాలు లేవు, జలుబుల్లేవు, 'అమ్మమ్మ వచ్చింది' అన్న సాకు లేదు. అఖిలేష్ ఒకసారి ఆపేద్దామని బీరువా తీశాడట గానీ, ప్రసూన మేడమ్, "ఇంత ఏకాగ్రతతో చదువుకుంటున్న విద్యార్థిని ఆటంకపరిచే హక్కు మనకి లేదు" అని మళ్ళీ మూయించారట. బీరువా మీద 'నిశ్శబ్దం' అని బోర్డు పెట్టారు.

మొదట్లో ఫణీంద్ర ఈ మెసేజీలు చూసి నవ్వాడు. భోజనాల వేళ ఆఫీసులో చూపించి నవ్వించాడు. అయితే మెసేజీతో పాటు రంగురంగుల గ్రాఫు కూడా వచ్చేది. నీలం గీత జోషిత, ఎర్ర గీత క్లాసు సగటు. నీలం గీత రోజురోజుకీ పైకి పోతోంది. గీత మీ అమ్మాయిదై, పైకి పోతుంటే, ఎంతసేపని నవ్వుతారు? మెల్లిగా నవ్వడం మానేశాడు. చూపించడం మాత్రం మానలేదు. "మా పెద్దమ్మాయండీ" అనేవాడు.

ఒకటో తరగతి పేరెంట్స్ మీటింగుకి పిలిచారు. వెళ్ళాడు. టీచరు గ్రాఫు తిప్పి చూపించి, "చంద్రకళ పర్వాలేదు సర్. బాగా మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది, పక్కపిల్లలకి కూడికలు నేర్పుతుంది. కానీ అవేవీ ఇందులో రావు" అని నిట్టూర్చింది. "అక్క స్థాయి మాత్రం లేదు సర్. రోజూ ఇంటికి వెళ్ళిపోతోంది."

"ఇంట్లో కూడా అంతేనండీ" అన్నాడు ఫణీంద్ర, తలదించుకుని. "అన్నం తింటుంది. పడుకుంటుంది."

అపార్ట్‌మెంటులో సంగతి పొక్కింది. ఒకరోజు పొద్దున శేషగిరి కాలింగ్ బెల్ కొట్టి, లోపలికొచ్చి, కాఫీ తాగి, గొంతు తగ్గించి, "ఫణీంద్ర గారూ, ఏం జంతికలండీ అవి?" అని అడిగాడు.

"అంటే?"

"బియ్యప్పిండివేనా, శనగపిండి కలిపారా? మా వాడికి కింద పన్ను కదులుతోంది. సెలవుల్లో ఇంట్లో ఊడిపోతే అన్యాయమైపోతాం."

సునంద వంటింట్లోంచి, "నూనె కాగకుండా వేస్తే గట్టిగా వస్తాయి అన్నయ్యగారూ" అంది. ఆవిడ వెటకారంగానే అంది. శేషగిరి ఫోనులో నోట్ చేసుకున్నాడు.

ఆ నెలలోనే రిత్విక్ బడిలో ఉండిపోయాడు. బయటికొచ్చినవాడి పేరు మనోజ్ఞ వర్ధన్. తర్వాత క్లాసులో ఇంకో పదిమంది. విద్యుల్లత స్కూల్ నుంచి సర్క్యులర్ వచ్చింది. 'పాలపళ్ళ పరిత్యాగం వ్యక్తిగత విషయమైనప్పటికీ, విద్యా ప్రయోజనాల దృష్ట్యా, సదరు పరిత్యాగాన్ని పాఠశాల వేళల్లో, పాఠశాల ఆవరణలోనే జరుపుకొనవలసిందిగా తల్లిదండ్రులకు విజ్ఞప్తి.' బీరువా చాలక ఆటస్థలంలో ఒక గది కట్టించారు. అందులో ఏసీ కూడా పెట్టారు, పిల్లలు వేడెక్కిపోతున్నారని. జిల్లాలో పిల్లలు సగటున ఎక్కువసేపు చదువుకునే బడి అదేనని ఏదో సంస్థ వాళ్ళు వచ్చి ఆ గది ముందు ఫొటో దిగి వెళ్ళారు.

ఇంట్లో మాత్రం చదువు గొడవలు మొదలయ్యాయి. ఒకరోజు పిల్ల బాల్కనీలో బంతి ఆడుకుంటుంటే ఫణీంద్ర ఫోను పట్టుకుని వచ్చాడు.

"చూడు. ఈపాటికి అక్క నాలుగో తరగతి భిన్నాల్లో ఉంది. నువ్వేమో బంతి."

పిల్ల బంతి ఆపింది. "నాన్నా, జోషితంటే నేనే కదా?"

"నువ్వేననుకో. కానీ..." అని ఫణీంద్ర ఆగాడు. ఆ కానీ తర్వాత ఏముందో వెతుక్కున్నాడు. దొరకలేదు. "కానీ అది చదువుతోంది కదమ్మా" అన్నాడు.

"ఏమండీ, మతుండే మాట్లాడుతున్నారా?" అంది లోపల్నుంచి సునంద.

"అన్నీ ఎగతాళేనా నీకు? ఇద్దరిలో ఒకత్తయినా పైకొస్తుంటే తల్లిగా సంతోషం ఉండద్దూ?"

సునంద గరిట పట్టుకుని గుమ్మంలోకొచ్చి, భర్త మొహం వైపు చాలాసేపు చూసింది. ఆ గేటు దగ్గర యంత్రం చూసినట్టే చూసింది. తర్వాత లోపలికెళ్ళి, పిల్లకి అన్నం కలిపింది.

వార్షికోత్సవం నాటికి జోషిత అయిదో తరగతి పూర్తిచేసింది. నాలుగు తరగతులు ఒక్క ఏడాదిలో ముగించిన మొదటి విద్యార్థిని అని ప్రసూన మేడమ్ వేదిక మీద ప్రకటించారు. బహుమతి గెలిచిన విద్యార్థి మొహం యంత్రంలో ఉన్నదానితో సరిపోలాలి కనక, చంద్రకళకి ఇవ్వడానికి వీల్లేదు. తండ్రిగారిని యంత్రం ఎలాగూ ఎరుగును కాబట్టి ఆయన్ని పిలిచారు. మూరెడు పొడుగు కప్పు చేతికిచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఫణీంద్ర మైకు ముందు నిలబడ్డాడు. నిజానికి వేదికెక్కేటప్పుడు, ఈ తమాషా అంతా అందరి ముందూ చెప్పేసి దిగిపోవాలనే అనుకున్నాడు. మూడో వరసలో సునంద కళ్ళార్పకుండా అతన్నే చూస్తోంది. పక్కన పిల్ల కుర్చీ మీద నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. హాలులో ఉన్న తండ్రులందరూ, శేషగిరితో సహా, మెడలు చాచి ఉన్నారు. అంతమంది తన వైపు అంత అసూయగా చూడడం ఫణీంద్ర జీవితంలో అదే మొదలు.

"మా జోషిత చిన్నప్పటి నుంచీ ఇంతేనండీ" అన్నాడు. "పుస్తకం... అదే, ట్యాబ్ పట్టుకుంటే లోకం తెలీదు. మేము ఏనాడూ బలవంతపెట్టలేదు."

సునంద లేచి, పిల్లకి నీళ్ళు పట్టిస్తానని బయటికెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేటప్పుడు స్కూటర్ మీద పిల్ల ముందు నిలబడింది. కప్పుని ఫణీంద్ర తనకీ పిల్లకీ మధ్య ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనకాల సునంద కూర్చుంది, అతన్ని పట్టుకోకుండా. మెరుస్తోందని పిల్ల వెనక్కి తిరిగి కప్పు మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకమ్మా, మరకలు పడతాయి" అన్నాడు ఫణీంద్ర. "అక్కది."

పిల్ల చెయ్యి తీసేసుకుంది. భానుగుడి సెంటరు దగ్గర సిగ్నల్ పడింది. స్కూటర్ ఆగింది. పిల్ల ముందుకే చూస్తూ, చాలాసేపు ఆలోచించి అడిగింది.

"నాన్నా, అక్క ఇంటికొచ్చేస్తే నేనెక్కడ పడుకోవాలి?"

సిగ్నల్ ఆకుపచ్చ అయింది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"అక్క రాదులేమ్మా" అన్నాడు ఫణీంద్ర, బండి గేరు వేస్తూ. "దానికి చదువుంది."